అనంతపురం ఎండల్లో అక్వేరియం: నీళ్లు ఎన్ని డిగ్రీలు ఉండాలి, ఏ చేపలు తెచ్చుకోవాలి?

మిద్దెమీది మల్లె (అనంతపురం)

అందరికీ నమస్కారం. మా హాల్లో గోడకు బిగించిన కడప బండ మీద ఒక గాజు తొట్టి పెట్టాము. పొడవు రెండడుగులు, వెడల్పు అడుగు, ఎత్తు 15 అంగుళాలు. అడుగున ఇసుక పోసి, పైన కాస్త ఖాళీ వదిలితే 50 లీటర్ల నీళ్లు పట్టాయి. ఫిల్టరు, ఎయిర్ పంపు నడుస్తున్నాయి, వాలిస్‌నేరియా మొక్కలు నాటాను. చేపలు ఇంకా తేలేదు. తెచ్చేముందు మా ఇంట్లో నీటి వేడి ఎలా ఉంటుందో తెలుసుకుందామని ఉదయం ఆరింటికి, సాయంత్రం ఆరింటికి థర్మామీటరు చూసి గోడ క్యాలెండరులో ఆ తేదీ గడిలోనే రాస్తున్నాను.

మార్చి మొదట్లో ఉదయం 25, సాయంత్రం 28 ఉండేది. ఇప్పుడు ఏప్రిల్ సగానికి వచ్చేసరికి ఉదయం 29, సాయంత్రం 32. మాది పై అంతస్తు. పగలంతా కాగిన మిద్దె రాత్రి పదింటి వరకు సెగ కక్కుతూనే ఉంటుంది. అసలు మే నెల ఇంకా ముందుంది.

చేపల దుకాణంలో అడిగితే, ఉష్ణమండల చేపలన్నింటికీ 26 డిగ్రీలు సరిపోతుంది, ఒక హీటరు కొని 26 దగ్గర పెట్టండి అన్నారు. 32 డిగ్రీల నీళ్లను హీటరు ఎలా 26కు తెస్తుందో నాకు అర్థం కాలేదు. మా అబ్బాయికి నియాన్ టెట్రాలు, గోల్డ్ ఫిష్ కావాలని ఉంది. మావారేమో ఈ ఊరి ఎండకు ఏ చేపా నిలవదు, మొక్కలతోనే సరిపెట్టుకో అంటున్నారు.

నీళ్లు ఎన్ని డిగ్రీల దగ్గర ఉంచాలి? ఈ తొట్టికి ఏ చేపలు సరిపోతాయి? మాకు బోరు నీళ్లు, మున్సిపాలిటీ కొళాయి రెండూ ఉన్నాయి. బోరు నీళ్లు పడితే బకెట్టు అంచున తెల్లటి చారలు కడతాయి. రాయలసీమలో ఉంటూ చేపలు పెంచుతున్నవారు చెబితే బాగుంటుంది. హైదరాబాదు, వైజాగు వాళ్ల సలహాలు మా ఇంటికి నప్పుతాయో లేదో తెలియడం లేదు.

పెన్న ఒడ్డు (కడప)

అక్కా, మరీ అంత ఆలోచించకండి. మా ఇంట్లో గోల్డ్ ఫిష్ కడప ఎండలను తట్టుకుంటున్నాయి. నీళ్ల సీసాను ఫ్రీజరులో గడ్డకట్టించి మధ్యాహ్నం తొట్టిలో తేలేస్తే చల్లబడిపోతుంది. చేపలు మెల్లగా అలవాటు పడతాయి. పిల్లవాడు ముచ్చటపడినవి తెచ్చివ్వండి.

హంద్రీ గట్టు (కర్నూలు)

అమ్మా, చేపలు తేకముందే నీళ్ల వేడిని రెండు పూటలా రాసిపెట్టుకోవడం చాలా మంచి పని. మీ ప్రశ్నకు సగం జవాబు ఆ క్యాలెండరులోనే ఉంది. నేను కర్నూలులో ఒక కళాశాల భౌతికశాస్త్ర ప్రయోగశాలలో పనిచేసి పదవీ విరమణ చేశాను. మాది కూడా మిద్దె ఇల్లే. కొండారెడ్డి బురుజు రాళ్ల మీద సాయంత్రం కూడా చేయి పెట్టలేని ఎండలు మావి. ఆ ఎండల మధ్యనే చాలాకాలంగా చేపలు పెంచుతున్నాను కనుక కాస్త వివరంగా రాస్తాను, ఓపికగా చదవండి.

నేను చెప్పదలచింది ఒక్కటే. మన ప్రాంతంలో చేపలను మే నెలను చూసి ఎంచుకోవాలి. నచ్చిన చేపలు ముందు తెచ్చేసి, తర్వాత వాటికోసం నీళ్లను ఆరేడు డిగ్రీలు కిందికి దించాలని చూస్తే ఏటా మూడు నెలలు ఇంటిల్లిపాదికీ అదే పని అవుతుంది, చేపలకూ సుఖం ఉండదు. ఒక చిన్న ఫ్యాను సాయంతో మీ హాల్లో నీళ్లు ఎక్కడ నిలుస్తాయో ముందు తేల్చుకోండి. ఆ వేడిలో హాయిగా బతికే చేపలనే తెచ్చుకోండి.

అంతకన్నా ముందు మీ థర్మామీటరు నిజం చెబుతోందో లేదో చూడాలి. దుకాణాల్లో దొరికే వాటిలో ఒకటి రెండు డిగ్రీల తేడా మామూలే. స్టీలు గ్లాసు నిండా మెత్తగా దంచిన ఐసు వేయండి. ఐసు మునిగీ మునగనట్టుగా చల్లటి నీళ్లు పోసి బాగా కలపండి. థర్మామీటరు బుడ్డిని ఆ ఐసు మధ్యలోకి దించి, గ్లాసు అడుగుకూ గోడకూ తగలకుండా ఐదు నిమిషాలు పట్టుకోండి. మధ్యమధ్యలో కలుపుతూ ఉండాలి, లేకపోతే అడుగున చేరిన నీళ్లు కాస్త వెచ్చగా ఉండిపోతాయి. చివరికి అది సున్నా దగ్గర ఆగాలి. ఒకటి చూపిస్తే, ఇక మీదట చూసిన ప్రతి అంకె నుంచీ ఒకటి తీసేయండి. గాజుకు బయట అంటించే రంగుల పట్టీని మాత్రం నమ్మవద్దు. అది నీళ్ల వేడికీ గది గాలి వేడికీ మధ్యలో ఎక్కడో చూపిస్తుంది. మే సాయంత్రం నీళ్లు 30 ఉన్నా అది అంతకంటే ఎక్కువే చూపి మిమ్మల్ని కంగారు పెడుతుంది.

హీటరు గురించి మీ అనుమానం సరైనదే. మనం పెట్టిన అంకె కన్నా నీళ్లు చల్లబడితే హీటరు వెలుగుతుంది, ఆ అంకెకు చేరగానే ఆగిపోతుంది. చల్లబరిచే గుణం దానికి లేదు. 26 దగ్గర పెట్టిన హీటరు ఏప్రిల్‌లో మీ తొట్టిలో వెలగనే వెలగదు. అది మనకు పనికొచ్చేది డిసెంబరు, జనవరి రాత్రులలో.

ఇక మీ అబ్బాయి అడిగిన చేపలు. నియాన్ టెట్రా పుట్టిల్లు పెరూ, కొలంబియా, బ్రెజిల్ దేశాల్లోని అమెజాన్ ఎగువ వాగులు. దట్టమైన అడవి నీడలో పారే నీళ్లవి. దానికి 20 నుంచి 26 డిగ్రీల మధ్య బాగుంటుంది, పైగా మెత్తటి నీళ్లు, అంటే సున్నం, ఉప్పులు తక్కువగా ఉన్నవి కావాలి. మీ హాల్లో మే నెల దానికి శిక్షే. దాని దగ్గరి చుట్టం కార్డినల్ టెట్రా రియో నీగ్రో నది పరీవాహకం నుంచి వచ్చింది, 29 వరకు తట్టుకుంటుంది. కానీ దానికి కూడా ఉప్పులు తక్కువగా ఉండే, కాస్త ఆమ్లగుణం ఉన్న నీళ్లు కావాలి. బకెట్టుకు తెల్లచారలు కట్టే బోరు నీళ్లలో దాన్ని పెట్టవద్దు. గోల్డ్ ఫిష్ అసలు ఉష్ణమండలపు చేపే కాదు. చైనాలో తరతరాలుగా పెంచుతూ వచ్చిన, కార్ప్ జాతికి చెందిన చేప అది. 18 నుంచి 22 డిగ్రీల మధ్య దానికి హాయి. పెద్దదయ్యే చేప కావడంతో దానికి 50 లీటర్లు ఏ కాలంలోనూ చాలవు. ఇంకోవైపు డిస్కస్ అనే చేపకు 28 నుంచి 30 ఉండాలి, 25లో అది ముడుచుకుపోతుంది. ఇన్ని రకాల చేపలకు 26 అనే ఒకే అంకె చెప్పడం సరైన సలహా కాదు.

వేడి పెరిగితే ఏమవుతుందో తెలిస్తే జాగ్రత్తలు వాటంతట అవే తోస్తాయి. మన ఇళ్లలో మే నెలలో చేపలు పోయేది చాలావరకు ఊపిరాడక. 25 డిగ్రీల నీళ్లు లీటరుకు సుమారు 8.3 మిల్లీగ్రాముల ఆక్సిజన్‌ను పట్టుకోగలవు. 30 దగ్గర అది 7.5కు, 35 దగ్గర 7 లోపుకు పడిపోతుంది. మరోవైపు చేప ఒంటి వేడి నీటి వేడితోపాటే పెరుగుతుంది. పది డిగ్రీలు పెరిగితే దాని ఒంట్లో జరిగే పనుల వేగం ఇంచుమించు రెట్టింపవుతుంది, దానికి కావలసిన ఆక్సిజనూ ఆ మేరకు పెరుగుతుంది. అంటే అవసరం పెరిగే వేళకే సరఫరా తగ్గుతుంది. రాత్రిపూట మొక్కలు కూడా ఆక్సిజన్‌నే వాడుకుంటాయి కనుక అన్నిటికన్నా గడ్డుకాలం తెల్లవారుజాము. రాత్రి చప్పుడని ఎయిర్ పంపు ఆపేసే ఇళ్లు చాలా ఉన్నాయి. ఎండాకాలంలో ఆ పని ఎప్పుడూ చేయవద్దు. తెల్లవారుతుండగా లైటు వేయకుండా తొట్టి దగ్గర కాసేపు నిలబడి చూడండి. చేపలు నీటి పైపొరకు మూతి ఆనించి గుటకలు వేస్తుంటే, మొప్పల మూతలు మామూలుకన్నా వేగంగా కొట్టుకుంటుంటే ఆక్సిజన్ చాలడం లేదన్నమాట.

ఇంకొక సంగతి అమ్మోనియా. చేపల విసర్జనలోనూ, మిగిలి కుళ్లిన మేతలోనూ పుడుతుంది. నీళ్ల ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే అంకె పీహెచ్. అది 8 ఉన్న నీళ్లలో 25 డిగ్రీల దగ్గర మొత్తం అమ్మోనియాలో 5 శాతం చొప్పున విషరూపంలో ఉంటే, 30 దగ్గర అది 7 శాతం దాటుతుంది. మన బోరు నీళ్ల పీహెచ్ చాలాచోట్ల ఎక్కువగానే ఉంటుంది. అందుకే మే నెలలో మేత సగానికి తగ్గించండి. రెండు నిమిషాల్లో తినేసేంత వేస్తే చాలు.

నీళ్లు చల్లబరచడానికి మన సీమకు ఒక వరం ఉంది, పొడిగాలి. వర్షఛాయలో ఉన్న ప్రాంతం కనుక ఎండాకాలంలో గాలిలో తేమ బాగా తక్కువ. నీరు ఆవిరయ్యేటప్పుడు వేడిని వెంట పట్టుకుపోతుంది. ఒక లీటరు ఆవిరైతే సుమారు 580 కిలో కాలరీలు పోతాయి. మీ 50 లీటర్లు ఒక డిగ్రీ చల్లబడడానికి 50 కిలో కాలరీలు పోతే చాలు, అంటే చిన్న టీ గ్లాసుడు నీళ్లు ఆవిరయితే సరి. కిటికీ దగ్గర పెట్టిన మట్టికుండలో నీళ్లు చల్లబడే తీరు ఇదే. గది వేడి మళ్లీ నీళ్లలోకి వస్తూనే ఉంటుంది కనుక లెక్క ప్రకారం అంతా దిగదు కానీ, మూడు నాలుగు డిగ్రీలు దించడం కష్టం కాదు. 40 డిగ్రీల ఎండలో, గాలిలో తేమ 20 శాతం ఉన్నప్పుడు, తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు 23 దగ్గర నిలుస్తుంది. అదే సముద్రం పక్కన 36 డిగ్రీలు, 60 శాతం తేమ ఉంటే అది 29 కన్నా కిందికి దిగదు. ఆవిరితో నీళ్లు ఎంతవరకు చల్లబడగలవో చెప్పే హద్దు అది. కోస్తా ఊళ్లవారికి ఫ్యాను అంతగా పనిచేయకపోవడానికీ, మనకు బాగా పనిచేయడానికీ కారణం ఇదే. అక్కడివారి సలహాల గురించి మీ అనుమానం సబబైనదే.

పద్ధతి ఇది. తొట్టి గాజు మూత తీసేయండి. చిన్న క్లిప్పు ఫ్యానును పక్క అంచుకు పెట్టి, గాలి నీటి పైపొర మీదుగా ఏటవాలుగా ఆ చివరి దాకా పోయేట్టు తిప్పండి. నిట్టనిలువుగా కిందికి కొడితే ఒకేచోట గాలి తగులుతుంది. ఫిల్టరు నీళ్లు పైపొరను కదిలిస్తూ పడేలా పెట్టండి. ఇలా చేస్తే ఆవిరీ పెరుగుతుంది, ఆక్సిజనూ పెరుగుతుంది. గదిలో నీళ్ల కూలరు వాడితే గది చల్లబడుతుంది కానీ గాలిలో తేమ పెరిగి ఫ్యాను బలం తగ్గుతుంది. కిటికీ తెరిచి ఉంచితే రెండూ కుదురుతాయి. వీలైతే తొట్టిని పడమటి గోడకు దూరంగా జరపండి, ఆ గోడ రాత్రి కూడా వేడిని వదులుతూనే ఉంటుంది.

ఫ్యాను పెడితే రోజుకు లీటరు దాకా నీళ్లు తగ్గవచ్చు. ఇక్కడ చాలామంది చూడని సంగతి ఒకటి ఉంది. ఆవిరయ్యేది నీరు మాత్రమే, అందులోని సున్నం, ఉప్పులు తొట్టిలోనే ఉండిపోతాయి. తగ్గిన మేరకు మళ్లీ బోరు నీళ్లే పోస్తూ పోతే నెల తిరిగేలోపు సున్నం, ఉప్పులు పేరుకుని అవి మరీ గట్టి నీళ్లయిపోతాయి. గాజు మీద నీటి మట్టం వెంట గీసినట్టుగా తెల్లటి తెట్టు కడుతుంది, గోటితో గీకినా రాదు. ఆవిరై తగ్గిన నీళ్లకు బదులు ఆర్వో నీళ్లు పోయండి. వారంవారం పాత నీళ్లు తీసి కొత్తవి పోసేటప్పుడు మాత్రం మామూలు నీళ్లే వాడండి.

ఆ కొత్త నీళ్ల వేడి కూడా చూసుకోవాలి. ఎండాకాలం మధ్యాహ్నం మిద్దె మీది ట్యాంకు నుంచి వచ్చే నీళ్లు చేయి కాలేంత వేడిగా ఉంటాయి. తెల్లవారుజామున పట్టి బకెట్లలో నింపి, ఎయిర్ స్టోన్ (ఎయిర్ పంపు గొట్టం చివర బుడగలు వదిలే రాయి) వేసి ఆ రోజంతా హాల్లోనే ఉంచండి. బోరు నుంచి అప్పుడే తోడిన నీళ్లలో ఆక్సిజన్ తక్కువగా ఉంటుంది, ఆ లోటూ తీరుతుంది. కొళాయి నీళ్లయితే క్లోరిన్ విరుగుడు చుక్కలు వేయడం మరవవద్దు. పోసే నీళ్లకూ తొట్టి నీళ్లకూ ఒకటి రెండు డిగ్రీల కన్నా తేడా ఉండకూడదు.

ఇక చేపలు. ఫ్యానుతో మీ తొట్టి మేలో 27 నుంచి 30 మధ్య నిలిస్తే మగ గప్పీలు మీకు బాగా సరిపోతాయి. ట్రినిడాడ్, వెనిజులా ప్రాంతాల చేప. గట్టి నీళ్లంటే దానికి ఇష్టమే, 30 దాకా ఇబ్బంది పడదు, 24కు దిగినా పరవాలేదు. ఆడవాటిని కూడా తెస్తే నెలనెలా పిల్లలు పెట్టి 50 లీటర్లు చాలకుండా పోతాయి. మోలీలకు కూడా ఈ వేడి, ఈ నీళ్లు బాగా నచ్చుతాయి. కాకపోతే పెద్దవవుతాయి కనుక చిన్న జట్టే పెట్టాలి. ఒక్క చేప చాలనుకుంటే బెట్టా, మనవాళ్లు ఫైటర్ అనేది. థాయ్‌లాండ్ వరిమడులు, నిలవనీళ్లలో బతికే చేప అది, నీటి పైకి వచ్చి నేరుగా గాలి పీల్చగలదు. 25 నుంచి 30 వరకు సుఖంగా ఉంటుంది. గౌరామి జాతులకూ గాలి పీల్చే అవయవం ఉంది. బెట్టానూ గప్పీలనూ మాత్రం కలపవద్దు, ఆ పొడవాటి రంగు తోకలు చూసి బెట్టా వెంటపడుతుంది. ఏంజెల్ చేప వేడికి తట్టుకుంటుంది కానీ దానికి మీ తొట్టి ఎత్తు చాలదు. మీ అబ్బాయికి రంగురంగుల గుంపు కావాలంటే మగ గప్పీలే తెచ్చివ్వండి. నియాన్ల కన్నా తోకలు పెద్దవి, రంగులు ఎక్కువ, ఒకదానిలా మరొకటి ఉండదు.

పెన్న ఒడ్డు (కడప)

పెద్దాయనా, చాలా వివరంగా రాశారు. కానీ నా గోల్డ్ ఫిష్ 32 డిగ్రీల్లోనూ తిరుగుతున్నాయి, మేత తింటున్నాయి. మరి దాన్నెలా అర్థం చేసుకోవాలి? ఐసు సీసా వద్దంటారా?

హంద్రీ గట్టు (కర్నూలు)

మంచి ప్రశ్న అడిగారు. గోల్డ్ ఫిష్ గట్టి ప్రాణి. కొన్ని గంటలు 32 డిగ్రీలు తట్టుకోవడం వేరు, ఏటా మూడు నెలలు అందులోనే బతకడం వేరు. సరైన నీళ్లలో పదేళ్లు, అంతకు మించీ బతికే చేప అది. మన ఇళ్లలో అంతకాలం బతికిన గోల్డ్ ఫిష్ మీరెన్ని చూశారు? మీ తొట్టి పెద్దదై, ఫిల్టరు బలంగా ఉండి, గాలి బాగా అందుతుంటే అవి ఈ ఎండాకాలం కూడా దాటవచ్చు, దాటాలనే కోరుకుంటాను. ఉన్నవాటిని శ్రద్ధగా చూసుకోండి. కొత్తగా మొదలుపెట్టే ఇంటికి మాత్రం వాటిని సిఫారసు చేయలేను.

ఐసు సీసా లెక్క చూడండి. లీటరు ఐసు కరిగి, ఆ నీళ్లు తొట్టి వేడికి చేరేసరికి సుమారు 108 కిలో కాలరీలు లాగుతుంది. 50 లీటర్ల తొట్టిలో అది రెండు డిగ్రీలు. ఆ రెండు డిగ్రీలూ ఒక గంటలోనే దిగిపోతాయి, సాయంత్రానికి మళ్లీ ఎక్కుతాయి. రోజూ ఇలా దించి ఎక్కిస్తే చేప నీరసపడి తెల్లమచ్చల వ్యాధి అంటుకుంటుంది. చేప తట్టుకోలేనిది ఈ ఎత్తుపల్లాలనే. 29 దగ్గర నిలకడగా ఉన్న నీళ్లు, 26కూ 31కీ మధ్య ఊగే నీళ్లకన్నా మేలు. కరెంటు చాలాసేపు పోయి నీళ్లు 34కు చేరిన రోజున ఐసు తప్పకుండా వాడండి. అప్పుడు కూడా అర లీటరు సీసాతో, మూత గట్టిగా బిగించి, ఒక్కొక్క డిగ్రీ చొప్పున దించాలి.

గండికోట గాలి (జమ్మలమడుగు)

పెద్దాయన ఆక్సిజన్ గురించి రాసింది అక్షరాలా నిజం. మా దగ్గర ఈదురుగాలి వచ్చిన సాయంత్రం కరెంటు పోతే ఎప్పుడొస్తుందో చెప్పలేము. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే ఫ్రిజ్ కన్నా ముందు ఎయిర్ పంపును దానికి కలపండి, అది తీసుకునే కరెంటు చాలా కొద్ది. ఇన్వర్టర్ లేకపోతే బ్యాటరీతో నడిచే చిన్న గాలిపంపులు దొరుకుతాయి. అవీ లేకపోతే చెంబుతో తొట్టి నీళ్లే ముంచి, జానెడు ఎత్తు నుంచి మళ్లీ అందులోనే ధారగా పోస్తూ ఉండండి. పది నిమిషాలకోసారి అలా చేసినా చేపలు తేరుకుంటాయి.

ఇంకొకటి, దోమల మందు. ఎండాకాలం కిటికీలు తెరిచి పడుకుంటాము కనుక రాత్రి దోమల ద్రవం మిషనో, చుట్టో వెలిగిస్తాము. వాటిలో ఉండే పైరెత్రాయిడ్ మందులు చేపలకు చాలా విషం. ఎయిర్ పంపు గదిలోని గాలినే లాగి నీళ్లలోకి పంపుతుంది. మూత తీసి ఫ్యాను పెట్టిన తొట్టికి ఇంకా ప్రమాదం. తొట్టి ఉన్న గదిలో వాటిని వాడకండి, మంచానికి దోమతెర కట్టుకోండి.

మిద్దెమీది మల్లె (అనంతపురం)

అందరికీ కృతజ్ఞతలు. పెద్దాయన చెప్పినట్టు ఐసుతో పరీక్షిస్తే మా థర్మామీటరు సున్నాకు బదులు ఒకటి చూపింది, అంటే ఇంతకుముందు రాసినవన్నీ ఒక డిగ్రీ ఎక్కువే. మూత తీసి క్లిప్పు ఫ్యాను పెట్టాము. ఇప్పుడు మే మొదటి వారం, బయట 41 ఉంది. తొట్టి నీళ్లు ఉదయం 27, సాయంత్రం 29. ఆ సవరణ చేశాకే రాస్తున్నాను. అదే హాల్లో పక్కనే బకెట్టుకు మూతపెట్టి ఉంచిన నీళ్లు సాయంత్రానికి 33 ఉన్నాయి. మావారే వచ్చి రెండింటిలోనూ చేయి పెట్టి చూసి, సరే చేపలు తెచ్చుకుందాం అన్నారు.

మగ గప్పీలు తేవాలని నిర్ణయించుకున్నాము. మా అబ్బాయి ఒప్పుకున్నాడు, ఒకటి మాత్రం తప్పకుండా పసుపు రంగుది ఉండాలట. మూత లేకపోతే గప్పీలు బయటికి దూకుతాయా? రాత్రి గది కాస్త చల్లబడుతుంది కదా, ఫ్యాను ఆపవచ్చా? ఇప్పటికే కొన్న హీటరును చలికాలంలో ఎన్ని డిగ్రీల దగ్గర పెట్టాలి?

హంద్రీ గట్టు (కర్నూలు)

చాలా సంతోషమమ్మా. మూత పెట్టిన బకెట్టును పక్కన పెట్టి పోల్చి చూశారు, ప్రయోగశాలలో విద్యార్థులకు మేము నేర్పేది ఇదే. నాలుగు డిగ్రీల తేడా కళ్లెదుట కనిపించాక ఇక ఎవరూ కాదనలేరు.

గప్పీలు దూకుతాయి, అందులోనూ కొత్త తొట్టిలో మొదటి రాత్రులు. కిటికీలకు వాడే నైలాన్ దోమల జాలీని తొట్టి కన్నా రెండు అంగుళాలు పెద్దగా కత్తిరించి, అంచుల వెంట అంటించుకునే పట్టీలతో బిగించండి. గాలి ధారాళంగా పోతుంది, చేప పోదు. ఇనుప జాలీ వద్దు, తేమకు తుప్పుపట్టి నీళ్లలో రాలుతుంది.

ఫ్యాను రాత్రి కూడా నడవనివ్వండి. మిద్దె ఇల్లు రాత్రి పదింటికి కూడా 33, 34లో ఉంటుంది, ఆపితే నీళ్లు మళ్లీ ఎక్కుతాయి. రోజు మొత్తంలో రెండు డిగ్రీల తేడాతో చేపలకు ఇబ్బంది లేదు. జూన్, జూలైలో వానలు పడి గది చల్లబడ్డాక, నీళ్లు ఉదయం 25కు దిగడం మొదలైనప్పుడు ఫ్యాను తీసేసి మూత పెట్టేయండి. ఫ్యాను, పంపు, హీటరు తీగలన్నీ ప్లగ్గు కన్నా కిందికి వేలాడి, మళ్లీ పైకి వచ్చి ప్లగ్గులో దూరేట్టు ఉంచండి. తీగ మీదుగా జారిన నీటిబొట్టు ఆ వంపు దగ్గరే కింద పడిపోతుంది, ప్లగ్గు దాకా చేరదు. పిల్లలు ఉన్న ఇల్లు కనుక ఇది తప్పనిసరి.

హీటరు మీ తొట్టికి 50 వాట్లది చాలు. నవంబరులో పెట్టి, 25 దగ్గర ఉంచండి. దుకాణంవారు 28 అన్నా వద్దు, మరీ వెచ్చని నీళ్లలో గప్పీలు తొందరగా పెరిగి తొందరగా ముసలివవుతాయి. మీద ఉన్న అంకెను నమ్మకుండా మీ థర్మామీటరుతో సరిచూసుకోండి. నీళ్లు మార్చేటప్పుడు ప్లగ్గు తీసి, కాసేపు ఆగాక మట్టం దించండి. కాలిన గాజు గొట్టం గాలిలోకి తేలి, దాని మీద చల్లనీళ్లు పడితే పగులుతుంది.

చేపలను ఒకేసారి తేవద్దు. మొదట నాలుగు తెచ్చి, రెండు మూడు వారాలు చూసి మిగతావి తెండి. ఫిల్టరులో అమ్మోనియాను విరిచే బ్యాక్టీరియా పెరగడానికి ఆ వ్యవధి కావాలి. దుకాణానికి ఉదయమే వెళ్లండి. మధ్యాహ్నం ఎండలో సంచి పట్టుకుని ఆటోలో వస్తే పావుగంటలోనే అందులోని నీళ్లు కాగిపోతాయి. సంచిని తడిగుడ్డలో చుట్టి, చేతిసంచిలో పెట్టుకుని తెచ్చుకోండి. ఇంటికి రాగానే మూతి విప్పకుండా ఇరవై నిమిషాలు తొట్టి నీళ్ల మీద తేలేయండి. తర్వాత మూతి విప్పి, ఐదు నిమిషాలకోసారి చిన్న గ్లాసుతో తొట్టి నీళ్లు కొద్దికొద్దిగా సంచిలో పోస్తూ అరగంట గడపండి. దుకాణం నీళ్లు తొట్టిలో పడకుండా, చిన్న వలతో చేపలను మాత్రమే తీసి వదలండి. ఆ రోజు లైటు వేయవద్దు, మేత మరునాడు ఉదయం వేయండి.